సోర్స్ కోడ్‌ను చదవడానికి వీలుగా ప్రింట్ చేయడం ఎలా?

తెర మీద వరుస పొడవైతే పక్కకు జరుపుకుని చూస్తాం. కాగితం మీద ఆ వీలు లేదు. అందుకే ఎడిటర్ (కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్) కోడ్‌కు వేసే రంగుల కన్నా ముందు వెడల్పు లెక్క తేల్చుకోవాలి.

ఎ4 కాగితం వెడల్పు 210 మి.మీ. అటూ ఇటూ 20 మి.మీ. చొప్పున అంచు వదిలితే, 10 పాయింట్ల కూరియర్ ఫాంట్‌లో వరుసకు 80 అక్షరాలు పడతాయి. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష శైలి మార్గదర్శి ‘పెప్ 8’ విధించే 79 అక్షరాల హద్దు ఇందులో సరిగ్గా ఇముడుతుంది. కాగితాన్ని అడ్డంగా తిప్పితే సుమారు 120 అక్షరాల వరకు చోటుంటుంది. అంతకన్నా పొడవైన వరుసలుంటే ఫైలుకు నకలు తీసి, అందులో మీరే తగినచోట విరవండి. ప్రింటర్‌కు వదిలేస్తే మిగిలిన ముక్క తెచ్చి ఎడమ అంచుకు అతికిస్తుంది. లోపలి బ్లాకులో ఉండాల్సిన షరతు బయట ఉన్నట్టు కనిపిస్తుంది. వరుస ముందున్న ఖాళీని బట్టే ఏ బ్లాకులోదో తేలే పైథాన్‌లో ఇంతకన్నా తప్పుదారి పట్టించేది ఉండదు.

నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ ఎడిటర్ వాడేవారికి పని సులువు. సెట్టింగ్స్‌లో ప్రిఫరెన్సెస్ తెరిచి, ‘ప్రింట్’ విభాగంలో వరుస సంఖ్యలకు టిక్ పెట్టండి. పేజీ పైన ఫైలు పేరు, కింద పేజీ సంఖ్య వచ్చేలా చేయండి. కాగితాలు చెదిరిపోయినప్పుడు వీటి విలువ తెలుస్తుంది. నల్లటి థీమ్ వాడుతుంటే రంగుల దగ్గర ‘ఇన్వర్ట్’ ఎంచుకోండి.

వీఎస్ కోడ్ ఎడిటర్‌లో ప్రింట్ సదుపాయం స్వతహాగా లేదు. ముందు తెల్లటి థీమ్‌కు మారి, కోడ్ కాపీ చేసి వర్డ్‌లో పేస్ట్ చేయండి. రంగులు కూడా వెంట వస్తాయి. థీమ్ మార్చకపోతే నల్లటి నేపథ్యం కూడా వచ్చి ఇంకు తాగేస్తుంది. వరుస సంఖ్యలు మాత్రం రావు. వర్డ్‌లోని లేఅవుట్ ట్యాబ్ నుంచి వేసుకోవచ్చు కానీ, మడత పడిన ముక్కకూ వర్డ్ కొత్త సంఖ్య ఇస్తుంది. దాంతో ఎడిటర్‌లోని సంఖ్యలతో పొంతన తప్పుతుంది. వెడల్పు లెక్క ముందే చూసుకోమన్నది ఇందుకు కూడా.

ప్రింటర్ నలుపు తెలుపుదైతే రంగులన్నీ బూడిద ఛాయలుగా మారతాయి. లేత పసుపు దాదాపు మాయమవుతుంది. అలాంటప్పుడు రంగులను నమ్ముకోకుండా కీవర్డ్‌లను (భాషకు సొంతమైన ప్రత్యేక పదాలను) బోల్డ్‌లో, కామెంట్లను (చదివేవారి కోసం రాసే వివరణలను) ఇటాలిక్‌లో పెట్టడమే మేలు. నా మట్టుకు నాకు రంగుల ప్రింట్ కన్నా ఇదే కంటికి హాయి.

చివరిగా నేరుగా ప్రింటర్‌కు పంపకుండా పీడీఎఫ్‌గా దాచి ఓసారి తిరగేయండి. ఫైలు మొత్తం అవసరమా అనీ ఆలోచించండి. చాలాసార్లు రెండు మూడు ఫంక్షన్లు చాలు. ఒకవైపే ప్రింట్ చేస్తే కాగితాలు పక్కపక్కన పరిచి, ఫంక్షన్‌ను, దాన్ని పిలిచిన చోటును ఒకేసారి చూసుకోవచ్చు.