ప్రతి ‘గా’కీ ‘లీ’ పెట్టకండి (ఇంగ్లీషు అడ్వర్బులు: మూడో పాఠం)

ముందు పోయినసారి అభ్యాసానికి జవాబులు. ‘నేను మామూలుగా మెట్రోలో వెళ్తాను’, ‘బెంగళూరు సిల్క్ బోర్డ్ జంక్షన్ ఎప్పుడూ రద్దీగానే ఉంటుంది’ అన్నవాటిని ఇంగ్లీషులో చెప్పమన్నాను కదా. ‘ఐ యూజువల్లీ టేక్ ద మెట్రో.’ ‘సిల్క్ బోర్డ్ జంక్షన్ ఈజ్ ఆల్వేస్ క్రౌడెడ్.’ యూజువల్లీ, ఆల్వేస్ లాంటివి మామూలు క్రియకు ముందు వస్తాయి, యామ్-ఈజ్-ఆర్ ఉంటే వాటి తరవాత వస్తాయి. ‘ఐ హ్యావ్ నెవర్ సీన్ ఇట్’లో హ్యావ్‌కీ సీన్‌కీ మధ్య దూరింది. ఇది వచ్చేసినట్టే, ముందుకు పోదాం.

ఈసారి తెలుగువాళ్ళం తరచూ పడే గొయ్యి. పని ఎలా జరిగిందో చెప్పాలంటే మనకు ఒక ‘గా’ చాలు: నెమ్మదిగా, జాగ్రత్తగా, నిశ్శబ్దంగా. ఇంగ్లీషులో ఎక్కువగా ఆ పని ‘లీ’ చేస్తుంది: స్లోలీ, కేర్‌ఫుల్లీ, క్వయట్లీ. దాంతో ‘గా’ తగిలిన చోటల్లా ‘లీ’ అతికించేస్తాం. బెంగళూరు మారతహళ్ళి పీజీల్లో ఇంటర్వ్యూలకు ప్రిపేరయ్యే మన పిల్లల నోట ‘ఐ యామ్ వెరీ హ్యాపీలీ, సర్’ అన్నమాట వినబడుతూనే ఉంటుంది. గ్రామర్ పుస్తకం బట్టీ పట్టినా ఇది పోదు, ఎందుకంటే తప్పు మొదలయ్యేది తెలుగులో.

‘సంతోషంగా ఉన్నాను’, ‘సంతోషంగా ఒప్పుకున్నాను’ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటికీ మనం ‘గా’యే వాడాం. కానీ మొదటిది మన స్థితి, రెండోది చేసిన పని. ఇంగ్లీషు ఈ రెంటినీ విడదీస్తుంది: ‘ఐ యామ్ హ్యాపీ’, ‘ఐ హ్యాపీలీ అగ్రీడ్’. స్థితికి అడ్జెక్టివ్ (మనిషో వస్తువో ఎలా ఉందో చెప్పే మాట), పనికి అడ్వర్బ్ (పని ఎలా జరిగిందో చెప్పే మాట). అందుకే నోరు తెరిచే ముందు తెలుగు వాక్యం చివర చూసుకోండి. అక్కడ ‘ఉంది, ఉన్నాడు, ఉన్నాను’ కనబడి, ముందున్న ‘గా’ మాట మనిషో వస్తువో ఎలా ఉందో చెబుతుంటే ‘లీ’ వద్దు. గది నిశ్శబ్దంగా ఉంది: ‘ద రూమ్ ఈజ్ క్వయట్.’ తలుపు నిశ్శబ్దంగా వేసింది: ‘షి క్లోజ్డ్ ద డోర్ క్వయట్లీ.’

లుక్, టేస్ట్, స్మెల్, ఫీల్, సౌండ్ కూడా చాలాసార్లు ‘ఉంది’ పనే చేస్తాయి. ఈ సాంబారు తియ్యగా ఉంది: ‘దిస్ సాంబార్ టేస్ట్స్ స్వీట్.’ (బెంగళూరు వచ్చిన ప్రతి ఆంధ్రావాడి మొదటి ఫిర్యాదు ఇదే కాబట్టి వాక్యం ఎలాగూ పనికొస్తుంది.) ‘స్వీట్లీ’ అనకూడదు, సాంబారు ఏ పనీ చేయడం లేదు కదా. లుక్ మాత్రం రెండు వేషాలు వేస్తుంది. మేనేజర్ కోపంగా కనిపించాడు అంటే ‘హి లుక్డ్ యాంగ్రీ’. నా వంక కోపంగా చూశాడు అంటే ‘హి లుక్డ్ ఎట్ మీ యాంగ్రిలీ’. రెండోదాంట్లో చూడడం అనే పని నిజంగానే జరిగింది.

‘బాగా’ సంగతీ ఇంతే. ఐడియా బాగుంది: ‘ద ఐడియా ఈజ్ గుడ్.’ ఆమె కన్నడ బాగా మాట్లాడుతుంది: ‘షి స్పీక్స్ కన్నడ వెల్.’ ఇక్కడ వరస కూడా చూడండి. తెలుగు లెక్కన ‘బాగా’ని ‘మాట్లాడుతుంది’కి అంటించేసి ‘స్పీక్స్ వెల్ కన్నడ’ అనేస్తాం. క్రియకీ దాని కర్మకీ (ఇక్కడ ‘కన్నడ’కీ) మధ్య వెల్ దూరకూడదు. ఒంట్లో బాగుందని చెప్పే ‘ఐ యామ్ వెల్’ మాత్రం సరైనదే, అక్కడ వెల్ అడ్జెక్టివ్.

ఇంకొక్క మాట. ‘ఫాస్ట్లీ’ అని వాడకండి, పనికైనా స్థితికైనా ‘ఫాస్ట్’ ఒక్కటే. అటువైపు ‘ఫ్రెండ్లీ’కి తోక ఉన్నా అది అడ్జెక్టివే. అందుకని స్నేహంగా మాట్లాడాడు అనాలంటే ‘హి స్పోక్ ఇన్ ఎ ఫ్రెండ్లీ వే’.

ఇప్పుడు ఇవి ఇంగ్లీషులో రాసి చూడండి: కాఫీ చేదుగా ఉంది. ఆటో వేగంగా వచ్చింది. ఆయన నా రెజ్యూమె జాగ్రత్తగా చదివాడు. ఫోన్లో అమ్మ గొంతు నీరసంగా వినిపించింది. చివరిదాంట్లో ‘ఉంది’ లేదని తొందరపడి ‘లీ’ పెట్టేయకండి. జవాబులు వచ్చే పాఠంలో, హార్డ్‌కీ హార్డ్లీకీ ఉన్న తేడాతో పాటు.