బిడ్డ ఎదురుకాళ్లతో ఉంటే: తిప్పే ముందు ఇచ్చే ఇంజెక్షన్ సంగతి

మా తాత ఎదురుకాళ్లతో పుట్టాడట. కదిరి దగ్గర మా ఊళ్లో నడుం పట్టేసినవాళ్లు ఆయన చేత తన్నించుకోవడానికి పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చునేవాళ్లు. నా రెండో కాన్పులో, 36వ వారం స్కానింగ్‌లో బిడ్డ తల పైనే ఉందని తేలితే మా అమ్మ "మీ తాత పుట్టలేదా?" అని ఊరుకుంది. టెన్షన్ అంతా నాకే. ఇప్పుడు బెంగళూరు మారతహళ్లిలో మా పై అంతస్తు అమ్మాయిది అదే పరిస్థితి. తనకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

ఇలాంటప్పుడు తల కిందికి వచ్చేలా బిడ్డను పొట్ట మీది నుంచే తిప్పుతారు, దానికి ముందు ఒక ఇంజెక్షన్ ఇస్తారు. ఆ మందు బిడ్డను తిప్పదు. తిప్పేది డాక్టర్ చేతులు. పొట్ట మీద చెయ్యి వేసి నొక్కితే గర్భసంచి గట్టిపడుతుంది, ఇక బిడ్డ జరగదు. ఆ బిగువు తగ్గించడానికే మందు. కాబట్టి మెడికల్ షాపులో కొనుక్కుని ఇంట్లో వేసుకునేది కాదు.

మొదటి కాన్పయితే 36 వారాల నుంచి, తర్వాతి కాన్పయితే 37 నుంచి చేస్తారు. మాయ కిందకు అడ్డంగా ఉన్నా, ఉమ్మనీరు పోయినా, ఈమధ్య రక్తస్రావం అయినా, కవలలైనా చేయరు. అందరు డాక్టర్లూ చేయరు కూడా. నేను మొదట వెళ్లినచోట స్కాన్ రిపోర్టు చూసీచూడగానే సిజేరియన్ తేదీ అడిగారు. ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఆపరేషన్ థియేటర్ సిద్ధంగా ఉంటుందా అనీ అడగండి. సుమారు 200 మందిలో ఒకరికి అత్యవసరంగా సిజేరియన్ చేయాల్సి వస్తుంది. ఇంచుమించు సగం మందికి బిడ్డ తిరుగుతుంది, ముందు కాన్పయినవాళ్లకు అవకాశం ఇంకాస్త ఎక్కువ.

నాకు ఇచ్చింది టెర్బుటలిన్, 0.25 మిల్లీగ్రాములు, జబ్బ దగ్గర చర్మం కింద. అది గుండె వేగాన్నీ, షుగర్‌నీ పెంచుతుంది. గుండె జబ్బు, షుగర్, థైరాయిడ్ ఎక్కువ ఉండటం, వీటిలో ఏదున్నా వాళ్లు అడిగేదాకా ఆగకండి. నాకు షుగర్ ఉందని నేనే చెప్పాను, నర్సు అడగలేదు. బ్లడ్ గ్రూప్ నెగెటివ్ అయితే తర్వాత యాంటీ-డి ఇంజెక్షన్ (బిడ్డ రక్తానికి మన ఒంట్లో విరుగుడు తయారవకుండా ఆపేది) వేయించుకోవాలి.

టెర్బుటలిన్ ఇచ్చిన కాసేపటికి నాలుగంతస్తులు ఎక్కొచ్చినట్టు దడ మొదలైంది. చేతులు వణికి గ్లాసు పట్టుకోలేకపోయా. ఏదో అయిపోయిందనుకున్నా. మందు గుణమే అది, మెల్లగా తగ్గుతుంది. ముందే చెప్పి ఉంటే అంత భయపడేదాన్ని కాదు.

తర్వాత పొట్టకు జెల్ రాసి, ఒక చేత్తో బిడ్డ పిరుదులను పైకెత్తి, రెండో చేత్తో తలను కిందికి తోస్తూ పిల్లిమొగ్గ వేయించినట్టు తిప్పారు. మధ్యమధ్యలో స్కాన్‌లో గుండె చూశారు. నొక్కుడు గట్టిగానే ఉంటుంది, ఓర్చుకోలేకపోతే ఆపమనండి. మొదటిసారి సగం తిరిగి వెనక్కి జారింది. రెండోసారి తిరిగింది. ఆ తర్వాత కూడా బిడ్డ గుండె కొట్టుకోవడం మిషన్ మీద చూసేదాకా పంపరు. ట్రాఫిక్ పెరగకముందే ఔటర్ రింగ్ రోడ్డు దాటేద్దామని మా ఆయన తొందరపెట్టాడు కానీ నేను లేవలేదు.

ఇంటికొచ్చాక కదలికలు తగ్గినా, రక్తం కనిపించినా, నీరు కారినా, నొప్పులొచ్చినా వెంటనే వెళ్లండి. మరోసారి చూపించుకోండి, కొద్దిమంది పిల్లలు మళ్లీ ఎదురు తిరుగుతారు. మావాడి తన్నులు మాత్రం ఆ రాత్రి నుంచి పక్కటెముకల కింద పడ్డాయి. అంతకుముందు పొత్తికడుపులో తన్ని గంటకోసారి బాత్రూంకి పరిగెత్తించేవాడు.