జాకీ మీద బండి: ఇంట్లో టైర్లు మార్చేటప్పుడు వచ్చే చిక్కులు, పరిష్కారాలు

ముందు చక్రాలే లాగే చిన్న కార్లలో ఇంజన్ బరువూ, మలుపులూ, బ్రేకు దెబ్బలో పెద్ద వాటా ముందు టైర్ల మీదే పడతాయి. అందుకే అవి తొందరగా అరుగుతాయి. ఎనిమిది పదివేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మారిస్తే నాలుగూ దాదాపు ఒకేలా అరుగుతాయి. టైర్లు మార్చడం తేలికే, తిప్పలన్నీ జాకీతోనే. ఇక్కడ రాసినవి మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో నేను పడ్డవీ, పక్కవాళ్లు పడుతుంటే చూసినవీ. అన్నీ బండితో పాటు డిక్కీలో వచ్చే కత్తెర జాకీతోనే.

ఆ జాకీ ఇచ్చింది దారిలో పంక్చరైతే టైరు మార్చుకోవడానికి. దాని మీద ఉన్న బండి కిందకి తల కాదు కదా, చెయ్యి కూడా పోనివ్వకండి. ఏ తేడా కనిపించినా ముందు బండిని దించండి, కారణం తర్వాత వెతుక్కోవచ్చు.

జాకీ పక్కకి ఒరుగుతోంది

చక్రం నేల వదలబోయే సమయానికి జాకీ నిటారుగా కాకుండా ముందుకో వెనక్కో వాలుతుంది. మొదట్లో ఆ వాలు కంటికి ఆనదు. ఇంకో నాలుగు చుట్లు తిప్పేసరికి జాకీ పాదం ఒకవైపు నేల నుంచి లేస్తుంది. ఆ సందులో విజిటింగ్ కార్డు దూరిందంటే అక్కడితో ఆపేయాలి.

దాదాపు ప్రతిసారీ కారణం బండి కదలడమే. సెల్లార్ నేల చదునుగానే కనిపిస్తుంది గానీ, కడిగిన నీళ్లు పోవడానికి మేస్త్రీ వాటం పెట్టే ఉంటాడు. ఒక చెంబు నీళ్లు పోసి చూస్తే ఎటు పల్లమో తెలిసిపోతుంది.

రెండో కారణం గేరు మీద అతి నమ్మకం. మా తమ్ముడు ఇలాగే ‘ఫస్ట్ గేర్‌లో వేశాగా అన్నయ్యా, ఎక్కడికి పోతుంది?’ అన్నాడు. ముందు చక్రం ఒకటి గాల్లోకి లేచాక గేరు పట్టు పోయినట్టే. గాల్లో ఉన్న చక్రం ఒకవైపు తిరిగితే, డిఫరెన్షియల్ (రెండు చక్రాలనూ వేరువేరుగా తిరగనిచ్చే గేర్ల అమరిక) వల్ల నేల మీదున్న రెండో చక్రం ఇంకోవైపు దొర్లగలదు. ఆటోమేటిక్‌లో ‘పి’లో పెట్టినా ఇదే కథ. అప్పుడు బండిని ఆపేది వెనక చక్రాల హ్యాండ్‌బ్రేకొక్కటే. వెనక చక్రం లేపితే గేరు పట్టు ఉంటుంది గానీ, హ్యాండ్‌బ్రేకు సగం చేతిలోంచి పోతుంది, అందులో మిగిలేది రెండో వెనక చక్రం మీది పట్టే.

బండి దించి, హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి, గేర్‌లో వేయండి. ఏ మూల లేపుతున్నారో దానికి ఐమూలగా ఉన్న చక్రానికి ముందూ వెనకా ఏటవాలుగా కోసిన చెక్కలు నెట్టండి. వాటం ఎక్కువగా ఉంటే చోటే మార్చేయండి. ఒరిగిన జాకీని సుత్తితో కొట్టి నిలబెడదామని చూసినవాళ్లను నేనెరుగుదును. దయచేసి ఆ పని చేయకండి.

జాకీ నేలలోకి దిగబడుతోంది

వానకి నానిన మట్టి, కింద ఇసుక కదిలిన ఇంటర్‌లాకింగ్ ఇటుకలు, మే నెల మధ్యాహ్నం మెత్తబడ్డ తారు రోడ్డు. జాకీ పాదం చిన్నది, బరువంతా అరచేయంత చోటులో దిగుతుంది. గట్టి కాంక్రీటు మీదకి మారడమే మంచిది. తప్పకపోతే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అడుగు చదరపు ముక్క కింద వేయండి.

కరకరమని చప్పుడు, కింద రేకు వంగుతోంది

జాకీ పెట్టాల్సిన చోట పెట్టలేదన్నమాట. తలుపుల కింద అంచును వేలితో తడుముతూ వెళ్లండి. ముందు చక్రానికి కాస్త వెనకగా, వెనక చక్రానికి కాస్త ముందుగా, చాలా బండ్లలో జంటగా గాట్లు తగులుతాయి. ఆ రెండు గాట్ల మధ్య ఉన్న అంచు జాకీ తలలోని గాడిలో కూర్చోవాలి. ప్లాస్టిక్ పట్టీ మీదా, ఇంజన్ ఆయిల్ ఛాంబర్ కిందా అస్సలు పెట్టకూడదు.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో పాత బండి అయితే ఆ అంచును ముందే గోకి చూడండి. తుప్పు పొరలుగా రాలుతుంటే అక్కడ జాకీ పెట్టొద్దు, లిఫ్టు ఉన్న షాపుకి తీసుకెళ్లండి.

నట్టు కదలడం లేదు

కిందటిసారి గాలి గన్నుతో ఎడాపెడా బిగించి ఉంటారు, లేదా తుప్పు పట్టి ఉంటుంది. ఇక్కడ అసలు తప్పు బండి లేపాక నట్టు మీద బలం చూపించడం. చక్రం తిరిగిపోతుంది, బండి ఊగుతుంది, జాకీ జారుతుంది. బండి నేల మీద ఉండగానే ప్రతి నట్టూ అర చుట్టు వదులు చేసి అప్పుడు లేపండి.

బండితో వచ్చే పానా పొట్టిది. రెండడుగుల పైపు తొడిగితే సగం బలం చాలు. సాకెట్ సైజు కూడా చూసుకోవాలి. మారుతి బండ్లలో ఎక్కువగా 19 మిల్లీమీటర్లు, హ్యుందాయ్‌లో 21. దగ్గరగా ఉందని తప్పు సైజు వాడితే నట్టు మూలలు అరిగి గుండ్రమవుతాయి, ఆ తర్వాత ఏ పానా పట్టదు.

నట్లన్నీ వచ్చాయి, చక్రం మాత్రం రావడం లేదు

హబ్ (చక్రాన్ని బిగించే ఇరుసు కొస) మధ్యలో తుప్పు పట్టి రిమ్ము అతుక్కుపోయింది. కోపమొచ్చి తన్నాలనిపిస్తుంది. మా పక్క ఫ్లాట్ ఆయన నిజంగానే తన్నారు. మూడో తన్నుకి బండి జాకీ మీద ఉయ్యాలలా ఊగింది, ఆయన మొహం తెల్లబోయింది.

నట్లు మళ్లీ చేత్తో పెట్టి, పూర్తిగా బిగించకుండా ఒక చుట్టు వదులు ఉంచి, బండిని మెల్లగా దించండి. బరువు పడగానే చాలాసార్లు ‘టక్’మని వదిలేస్తుంది. మళ్లీ లేపి తీశాక హబ్ మధ్య అంచును వైర్ బ్రష్‌తో రుద్ది, అక్కడ మాత్రమే పలచగా గ్రీజు రాయండి. స్టడ్ల (నట్లు ఎక్కే మర కడ్డీల) మీద, రిమ్ము ఆనే చదును మీద గ్రీజు తగలకూడదు.

తీసిన చక్రాన్ని తలుపుల కింద అంచుకి దిగువన అడ్డంగా పడుకోబెట్టండి. జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది, నేలకు తగలదు. జాకీ స్టాండ్లు (లేపిన బండిని ఆనించే ఇనుప కాళ్లు) ఉంటే ఇంకా మంచిది. బండికి ఆసరాగా ఇటుకలు, సిమెంట్ గుల్ల దిమ్మెలు వద్దు. అవి వంగవు, ఒక్కసారిగా పగులుతాయి.

జాకీ ఒక్కటే, చక్రాలు నాలుగు

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. దారి చూపేది స్టెప్నీ. ముందు చక్రాలు లాగే బండికి ముందువి అదే వైపు వెనక్కి, వెనకవి ఐమూలగా ముందుకి వెళ్లాలి.

ముందు ఎడమ చక్రం తీసి అక్కడ స్టెప్నీ పెట్టండి. తీసిన చక్రం వెనక ఎడమకి. అక్కడిది ముందు కుడికి. ముందు కుడిది వెనక కుడికి. వెనక కుడిది ముందు ఎడమకి, అక్కడున్న స్టెప్నీ తిరిగి డిక్కీలోకి. లెక్కపెట్టండి, ఐదుసార్లు లేపితే నాలుగూ మారిపోయాయి. స్టెప్నీ చిన్న సైజుదైనా ఇబ్బంది లేదు, మధ్యలో బండి నడపం కదా. ఎక్కడిది ఎక్కడికో సుద్దముక్కతో టైరు మీద ముందే రాసుకోండి. మూడో చక్రం దగ్గర అందరూ తికమకపడతారు, నాతో సహా.

టైరు పక్క గోడ మీద తిరిగే దిశ చూపే బాణం గుర్తుంటే ఐమూల కుదరదు, అదే వైపు ముందు వెనకలు మార్చుకోవడమే. ముందూ వెనకా సైజులు వేరైతే అదీ లేదు.

కొంతదూరం నడిపాక నట్లు వదులయ్యాయి

సాధారణంగా రెండు కారణాలు. రిమ్ముకీ హబ్‌కీ మధ్య తుప్పో మట్టో ఇరుక్కుని తర్వాత నలగడం ఒకటి, నట్టు తిరగేసి పెట్టడం ఇంకొకటి. నట్టు కొస సన్నగా ఉన్న వైపు లోపలికి ఉండాలి. మొదటి చుట్లు చేత్తోనే ఎక్కించండి, పానాతో మొదలుపెడితే మర పాడవుతుంది. బండి దించాక ఎదురెదురు నట్లు బిగించుకుంటూ రండి. నట్టు బిగింపు (టార్క్) చిన్న కార్లలో చాలావాటికి 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ బండిది మాన్యువల్లో చూడండి. యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి పానా వేయండి.

మార్చాక స్టీరింగ్ వణుకుతోంది, హోరు వస్తోంది

నట్లు బిగువుగానే ఉంటే మీరు పాడుచేసిందేమీ లేదు. వెనక ఉన్నప్పుడు తెలియని బ్యాలెన్స్ లోపం (చక్రం చుట్టూ బరువు సమంగా లేకపోవడం) ముందుకొచ్చాక చేతికి తెలుస్తోంది, బ్యాలెన్సింగ్ చేయించండి. వెనక గతుకులుగా అరిగిన టైరు ముందుకొస్తే హోరు పెరుగుతుంది, మెల్లగా తగ్గొచ్చు. ఒకవైపుకి లాగుతుంటే మొదట టైర్లలో గాలి చూడండి. కొన్ని బండ్లకు ముందూ వెనకా గాలి లెక్క వేరు. చక్రాల చోటు మారింది గానీ, లోపలి గాలి పాత చోటుదే. సరైన లెక్క డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద అతికించిన స్టిక్కర్లో ఉంటుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడు దాని ప్రకారం పట్టించండి.