క్లాసులో వాట్సాప్ ఫార్వర్డులు చెక్ చేయడం ఎలా నేర్పాలి? (అంతా ఫేకే అనే పిల్లల్ని తయారుచేయకుండా)

ఫేక్ న్యూస్ మీద ఒక క్లాసు చెప్పండి అంటే మా టీచర్లలో చాలామంది చేసేది ఒకటే. క్లాసులో ఉండే పెద్ద టచ్‌స్క్రీన్ ప్యానెల్ మీద పది తప్పుడు ఫోటోలు వరసగా చూపిస్తారు, ఇది ఫేక్, ఇదీ ఫేక్, వాట్సాప్‌లో వచ్చేది ఏదీ నమ్మకండి అని చెప్పేసి బెల్లు కొట్టేలోపల ముగించేస్తారు. దయచేసి అట్ల చేయకండి. మొదటి ఏడాది నేను కూడా అట్లనే చెప్పినా, దాని ఫలితం నా కళ్లతో చూసినా.

2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు స్కూలుకి సెలవు అని గ్రూపులో మెసేజ్ పెట్టినాం. నా తొమ్మిదో క్లాసు ఆడపిల్లలు ఇద్దరు దాన్ని నమ్మలేదు. నాలుగు కిలోమీటర్లు వానలో తడుసుకుంటా వచ్చి తాళం వేసిన గేటు ముందర నిలబడుకున్నారు. ఎవరో ఫోన్ చేస్తే బండేసుకొని పోయినా. ఒక పాప బ్యాగులో నోట్‌బుక్కులన్నీ ముద్దయిపోయినాయి, సైన్స్ రికార్డు అట్ట రంగంతా చేతులకి అంటుకోని ఉంది. ఎందుకొచ్చినారమ్మా అంటే, "ఫార్వర్డు మెసేజీలు నమ్మొద్దని మీరే కదా సార్ చెప్పింది" అనింది. ఆ రోజునుంచి నా పద్ధతి మార్చేసుకున్నా. తిరుపతి చుట్టుపక్కల స్కూళ్లలో ఎవరు అడిగినా ఇప్పుడు ఇదే చెప్తా ఉన్నా.

కావాల్సినవి

వరసగా రెండు పీరియడ్లు, నెట్ ఉండే ఫోన్లో ట్యాబులో నలుగురికి ఒకటి, పన్నెండు ప్రింటవుట్లు, బోర్డు. నెట్ లేకపోతే మీ ఫోన్ హాట్‌స్పాట్ సరిపోతుంది. ఆ టచ్‌స్క్రీన్ ప్యానెల్ (ఐఎఫ్‌పీ) ఉంటే ఆఫ్ చేసి పెట్టండి, చివర్లో పనికొస్తుంది. ముందే ఆన్ చేస్తే పిల్లలు సినిమా చూసినట్లు చూస్తారు, చెయ్యి కదపరు. 8, 9 తరగతులకి చెప్పండి, భోజనం అయినాక వచ్చే పీరియడ్‌లో మాత్రం వద్దు. నలుగురికి ఒక ఫోన్ అన్నానంటే నలుగురికి ఒకటే, తలా ఒకటి ఇస్తే ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, వాదించుకోకుండా ఈ పాఠం రాదు.

మెసేజ్‌లు పోగుచేయడం

పన్నెండులో ఆరు నిజాలు, ఆరు కానివి. ఈ లెక్క తప్పొద్దు. నిజాలు కూడా వింటే నమ్మబుద్ధి కానివే తీసుకోండి. నేను ప్రతి ఏడాదీ పెట్టేది "తిరుమల కొండల్లో బంగారు బల్లి ఉంది" అనేది. బంగారం రంగులో మెరిసే బల్లి శేషాచలం రాళ్ల సందుల్లో నిజంగానే ఉంటుంది, కానీ క్లాసులో సగానికి పైగా పిల్లలు ఫేక్ సార్ అని అరుస్తారు. కానివాటిలో, మన జాతీయగీతాన్ని ప్రపంచంలోకెల్లా బెస్ట్ అని యునెస్కో ప్రకటించింది అనేది ఒకటి, 2016లో కొత్త 2000 నోటులో జీపీఎస్ చిప్ ఉంది అని తిరిగింది ఒకటి. అన్నీ పేపర్ మీద ప్రింట్ తీయండి, పిల్లల ఫోన్లకి మాత్రం పంపొద్దు. క్లాసు కోసం మనం పంపిన తప్పుడు మెసేజ్ సాయంత్రానికి ఇంకో ఊరి గ్రూపులో తేలుతుంది.

అడ్రస్ చదవడం

ఇది తేలిక, పావుగంట చాలు. తిరుపతి పిల్లలకి దీనికి టీటీడీని మించిన ఉదాహరణ లేదు. దర్శనం టికెట్లు, రూములు బుక్ చేస్తామని దొంగ వెబ్‌సైట్లు పెట్టి యాత్రికుల దగ్గర డబ్బులు లాగేది మన ఊళ్లో అందరూ విన్నదే. అసలు సైటు అడ్రస్ బోర్డు మీద రాయండి: టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. ముందుండే https:// వదిలేసి, దాని తర్వాత మొదటి గీటు (/) ఎక్కడ వస్తుందో చూసి, దానికి ముందున్నది కుడివైపునుంచి చదవమనండి. డాట్ గవ్ డాట్ ఇన్ అనేది ప్రభుత్వ సంస్థలకి తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. దొంగ సైటులో టీటీడీ, తిరుమల, రూమ్స్ అని మాటలన్నీ ముందుంటాయి, చివర్లో మాత్రం ఏదో డాట్ కామ్ ఉంటుంది.

పక్కన తాళం గుర్తు ఉంటే మంచి సైటే అని కొంతమంది ఇప్పటికీ నేర్పుతా ఉన్నారు, అది తప్పు. మనం టైప్ చేసేది మధ్యలో ఎవరూ చదవకుండా పోతుంది అనేదే తాళం అర్థం, అవతల ఉండేది దొంగా దొరా అని అది చెప్పదు. డబ్బులు పోయినోళ్లు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని కూడా అప్పుడే రాయించేయండి.

అట్లనే స్పెల్లింగ్ తప్పులున్నాయా, డిజైన్ బాగుందా అని పేజీలోనే వెతికించే చెక్‌లిస్టులు పక్కన పెట్టేయండి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2017లో పదిమంది హిస్టరీ ప్రొఫెషనల్స్‌నీ, వార్తల్లో నిజమెంతో తేల్చే ఫ్యాక్ట్‌చెకర్లని పదిమందినీ, 25 మంది డిగ్రీ స్టూడెంట్లనీ కూర్చోబెట్టి వెబ్‌సైట్లు చూపించినారు. చదువుకున్నోళ్లలో చాలామంది ఆ పేజీలోనే కిందకీ పైకీ తిరిగి మోసపోయినారు. ఫ్యాక్ట్‌చెకర్లు మాత్రం పేజీ వదిలేసి ఇంకో ట్యాబ్ తెరిచి ఈ సైటు ఎవరిదో ముందు వెతికినారు. అందుకే నా క్లాసులో ఫస్ట్ రూల్, పేజీలో కూర్చోవద్దు, బయటికి పో.

ఫోటో వెతకడం

స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో (ఫోటో ఇస్తే అట్లాంటి ఫోటో నెట్‌లో ఎక్కడెక్కడ ఉందో వెతికి చూపించేది) పెట్టడం మీకన్నా పిల్లలకే బాగా వచ్చు, నేర్పాల్సిన పని లేదు. క్రాప్ చేయడం మాత్రం చెప్పండి. ఫోటో మీద రాసిన అక్షరాలు తీసేసి బొమ్మ మాత్రమే వెతకాలి, లేకపోతే లెన్స్ ఆ రాతనే పట్టుకొని అదే రాత ఉన్న ఇంకో పది ఫార్వర్డులు చూపిస్తుంది. వీడియో అయితే మూడు చోట్ల ఆపి మూడు స్క్రీన్‌షాట్లు తీయాలి. వచ్చిన వాటిలో అన్నిటికన్నా పాత తేదీ ఏదో అది రాసుకోవాలి.

2018లో తిరిగిన పిల్లల్ని ఎత్తుకపోయే ముఠా వీడియో ఇక్కడ చూపించాల్సిందే. బైక్ మీద ఇద్దరొచ్చి గల్లీలో ఆడుకునే పిల్లోడిని ఎత్తుకొని పోతారు. అసలు వీడియో పాకిస్తాన్‌లో కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన యాడ్. చివర్లో వాళ్లే పిల్లోడిని తెచ్చి దింపి, జాగ్రత్తగా ఉండండి అని అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్క కత్తిరించేసి మన దేశంలో తిప్పినారు. ఆ పుకార్ల రోజుల్లోనే, మే నెలలో మన పక్కనే తిరువణ్ణామలై జిల్లాలో ఒక పెద్దామెని కొట్టి చంపేసినారు, జులై 1న మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురిని చంపేసినారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఐదు చాట్లకి మించి ఫార్వర్డ్ చేయకుండా లిమిట్ పెట్టింది. ఇది చెప్పేటప్పుడు పిల్లలు నిశ్శబ్దం అయిపోతారు, కాసేపు అట్లనే ఉండనివ్వండి.

అసలు కష్టమైన పని: తీర్పు చెప్పించడం

ఇప్పటిదాకా చెప్పింది ఎవరైనా చేయగలరు. క్లాసు చెడిపోయేది ఇక్కడే, కాబట్టి దీన్ని నిదానంగా చదవండి.

బోర్డు మీద నిజం, ఫేక్ అని రెండు గళ్లు గీయకండి. నాలుగు గళ్లు గీయండి. నిజం. అబద్ధం. ఫోటో వేరేది కానీ వార్త నిజం. తేలలేదు. రెండు గళ్లే ఉంటే పిల్లలు లెన్స్‌లో పాత తేదీ కనపడగానే ఫేక్ అని రాసేసి చేతులు దులుపుకుంటారు. ఫోటో పాతది అయినంత మాత్రాన వార్త అబద్ధం కాదు. ఈ ఒక్క మాట పిల్లల బుర్రకి ఎక్కడానికి నాకు రెండు పీరియడ్లలో ఒకటి పూర్తిగా దీనికే పోతుంది.

దీనికోసం నేను కావాలనే ఒక ప్రింట్ తయారుచేస్తా. ఎక్కడిదో డ్యామ్ ఫోటో పెట్టి, కింద "రాయలచెరువు కట్ట లీకవుతా ఉంది, కింద ఊళ్లోళ్లు ఖాళీ చేయండి, 2021 నవంబర్" అని రాస్తా. పిల్లలు ఫోటో వెతుకుతారు, అది రాయలచెరువు కాదని రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఫేక్ సార్ అని ఎగిరి గంతేస్తారు. అప్పుడు మీరు నోరు మూసుకొని ఉండాలి. తలూపొద్దు, నవ్వొద్దు, ముఖంలో ఏమీ కనపడకూడదు. "సరే, ఫోటో సంగతి తేలింది, మాట సంగతి ఎవరు చూసినారు?" అని ఒక్కటే అడగండి. మళ్లీ వెతుకుతారు. ఆ నెలలో తిరుపతిలో వచ్చిన వరదల వార్తలు దొరుకుతాయి. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకి నిజంగానే లీకేజీ వచ్చింది, కింద ఊళ్లని నిజంగానే ఖాళీ చేయించినారు. ఆ రోజు ఆ మెసేజ్‌ని ఫేక్ అని కొట్టిపారేసి ఇంట్లోనే పడుకున్నోళ్లు ఉంటే, కట్ట తెగి ఉంటే ఏమయ్యేది? ఇది మీరు చెప్పొద్దు, పిల్లలే అంటారు. పోయిన ఏడాది వెనక బెంచిలో ఎప్పుడూ నోరు తెరవని పిల్లోడు లేచి "మా జేజి వాళ్లని ఆ రోజు రాత్రి ట్రాక్టర్‌లో ఎక్కించుకొని వచ్చినారు సార్" అన్నాడు. దాని తర్వాత నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు.

తేలలేదు అనే గడిని పిల్లలు ఓటమి అనుకుంటారు. ఆ గడిలో రాసిన గ్రూపుని అందరికన్నా ముందు మెచ్చుకోండి. ఎక్కడెక్కడ వెతికినారో, ఏం దొరకలేదో చెప్పమనండి. అన్నీ తేల్చి తీరాలని పట్టుబట్టే టీచరు దగ్గర పిల్లలు తేలనిదాన్ని కూడా తేలింది అని రాయడం నేర్చుకుంటారు, పరీక్ష పేపర్లో మాదిరి.

ఇంకో జాగ్రత్త. ఎవరో ఒక పిల్లోడు "ఇది మా నాయన పంపింది సార్" అంటాడు, తప్పకుండా అంటాడు. క్లాసంతా నవ్వుతుంది. ఆ నవ్వుని అక్కడే ఆపండి. నాయన చెడ్డ ఉద్దేశంతో పంపలేదని, మీ క్షేమం కోరే పంపినాడని గట్టిగా చెప్పండి. నాయన తప్పు చేసినాడని క్లాసులో ముద్ర పడితే ఆ పిల్లోడు ఇంకెప్పుడూ ఇంటినుంచి మెసేజ్ తేడు.

పార్టీలవి, కులం మతం మీద వచ్చేవి మొదటి క్లాసులో ముట్టుకోకండి. వాటికి నాలుగో ఐదో క్లాసు అయినాక టైం ఉంటుంది. నీళ్లు, కరెంటు, పరీక్షలు, రేట్లు, ఆరోగ్యం, వీటితోనే మొదలుపెట్టాలి.

చివరి పావుగంట

ఇప్పుడు ప్యానెల్ ఆన్ చేయండి. ఒక్కో గ్రూపునుంచి ఒకరు వచ్చి తాము వెతికిన దారి చూపించాలి. ఏ గడిలో పెట్టినారు అనేదానికన్నా ఎట్ల పోయినారు అనేదానికి టైం ఇవ్వండి. కేంద్ర ప్రభుత్వం నడిపే పీఐబీ ఫ్యాక్ట్‌చెక్, తెలుగులో రాసే ఫ్యాక్ట్‌లీ లాంటి, వార్తలు చెక్ చేసే సైట్లు కూడా అప్పుడే పరిచయం చేయండి, ముందే చెప్తే పిల్లలు సొంతంగా వెతకడం మానేసి అక్కడ జవాబు కాపీ కొట్టేస్తారు.

ఇంటికి పని ఒకటే ఇవ్వండి. ఇంట్లో పెద్దోళ్ల ఫోన్‌లో ఒక ఫార్వర్డ్ అడిగి తీసుకొని, నాలుగు గళ్లలో ఏదో ఒకదాంట్లో పెట్టి, ఎందుకో మూడు లైన్లు రాసుకొని రావాలి. తప్పు అని ఇంట్లో వాదించొద్దు, "ఇది నేను వెతికినా నాయనా, చూడు" అని ఫోన్ చూపిస్తే చాలు అని చెప్పి పంపండి. ప్రింటవుట్లు పన్నెండూ లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి, ముఖ్యంగా ఆ రాయలచెరువుది.