వలిసె చేలో షూట్‌కి దిగే ముందు జాగ్రత్తలు

విశాఖ నుంచి అరకు వైపు వలిసె (పసుపు పూల నూనెగింజ పంట) చేలో ప్రీ వెడ్డింగ్ షూట్‌కి వెళ్తుంటే ముందురోజే రైతును కలవండి. చేను కౌలుదైతే సాగు చేసేవాళ్లనూ అడగాలి, తొక్కితే పోయేది వాళ్ల పంటే. ఎంతమంది, ఎన్ని గంటలు, ఎంత డబ్బు అన్నీ అప్పుడే తేల్చుకోండి.

- గట్టు మీదే, ఒకరి వెనక ఒకరు నడవండి. విరిగిన మొక్కకు గింజ పట్టదు, గింజ లేకపోతే నూనె లేదు. లాంగ్ గౌను చేలోకి ఈడ్చొద్దు. జంటను గట్టు మీదే నిలబెట్టి, కెమెరా పూలెత్తుకు దించి, 85 లేదా 135 ఎంఎం లెన్సుతో తీస్తే పూలమధ్య ఉన్నట్టే వస్తుంది.
- రంగు పొగ బాంబులు వద్దే వద్దు. వలిసెకు గింజ కట్టించేది తేనెటీగలే. వాటి పెట్టెలుంటే దూరంగా ఉండండి.
- డ్రోన్‌కి విడిగా అడగండి.
- తీసిన కంప మళ్లీ అడ్డం పెట్టండి. పశువులు చేలో పడ్డాయా, అనుమతి అక్కడితో సరి.
- అడగకుండా రెండో బ్యాచ్‌ని తేవద్దు, సోషల్ మీడియాలో లొకేషన్ పెట్టొద్దు.
- ఫొటోలు ఇస్తామని రైతుకు మాటిస్తే ఇవ్వండి. చాలామంది ఎగ్గొట్టేది ఇక్కడే.