బెజవాడలో రోడ్డు మీద పడుకునే కుటుంబాన్ని అద్దె గదిలోకి చేర్చాలంటే

బస్టాండ్ దగ్గరో పద్మావతి ఘాట్ మెట్ల మీదో ఎవరైనా పిల్లల్తో పడుకుని కనిపిస్తే మనవాళ్లు చేసేది ఒకటే, పులిహోర పొట్లం ఇచ్చి రావడం, చలికాలమైతే దుప్పటి. ఇవ్వండి, వద్దనట్లేదు. కానీ వాళ్లలో చాలామందికి పని ఉంటుందండీ, కాళేశ్వరరావు మార్కెట్లో మూటలు మోస్తారు, హోటళ్లలో అంట్లు తోముతారు, మేస్త్రీ వెనకాల వెళ్తారు. నెలకింత అని అద్దె ఎలాగోలా కట్టగలిగినోళ్లు కూడా అడ్వాన్స్ దగ్గర ఆగిపోతారు. అయిదు వేల గది అనుకోండి, రెండు మూడు నెలల అడ్వాన్స్ అంటే పది పదిహేను వేలు, పైన మొదటి నెల అద్దె, అంత డబ్బు ఫుట్‌పాత్ మీద పడుకునేవాడి దగ్గర కూడేదెప్పుడు, కూడినా రాత్రికి రాత్రి జేబు కోసేస్తారు. కాబట్టి అపార్ట్‌మెంట్ వాళ్లో ఫ్రెండ్స్ బ్యాచ్చో కలిసి సాయం చేద్దామనుకుంటే ఆ అడ్వాన్స్ మీద పెట్టండి.

అయితే గది వెతికే ముందు పని ఎక్కడో అడగండి, ఇది వదిలేస్తే మిగతాదంతా దండగ. తెల్లారకముందే మార్కెట్లో బండి దింపాల్సిన మనిషికి ఊరి చివర చవగ్గా వచ్చిందని గది ఇప్పిస్తే ఆ టైముకి బస్సు ఉండదు, ఆటోకి కూలిలో సగం పోద్ది, వారం తిరక్కుండా మళ్లీ ఘాట్ మెట్ల మీదే కనిపిస్తాడు. గుంటూరులో మిర్చి యార్డు హమాలీకైనా ఇదే లెక్క.

వన్‌టౌన్, చిట్టినగర్ వైపు కొండ మీద ఇళ్లయితే మెట్లు ఎక్కేకొద్దీ అద్దె తగ్గుతుంది, నీళ్లు మోసుకోవాలి అంతే. కానీ గది వెనక్కి వెళ్లి ఒకసారి చూడండి, కొండని చెక్కేసి గోడ కట్టారేమో. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ ఇళ్ల మీద పడి మనుషులు పోయారు కదా. సింగ్‌నగర్, వాంబే కాలనీ వైపు చూస్తుంటే బుడమేరు వాగు వరద నీళ్ల మరక గోడ మీద ఎంత ఎత్తున ఉందో చూడండి, కొత్తగా సున్నం వేసుంటే పక్కింటావిడని అడగండి, ఆవిడే చెప్పేస్తుంది.

ఓనర్‌తో మాట్లాడేటప్పుడు రోడ్డు మీద ఉంటున్నారన్న సంగతి దాచొద్దు, తర్వాత ఎలాగూ తెలుస్తుంది, అప్పుడు గొడవ. పని ఇచ్చే మేస్త్రీనో షాపాయన్నో వెంట తీసుకెళ్లండి, వాళ్ల మాటకి మనకన్నా విలువెక్కువ. "మీరేమిట్లు?" అని కొందరు మొహమాటం లేకుండా కులం అడుగుతారు, అలాంటి చోట వాదించి గది తీసుకున్నా ఆ పిల్లలు రోజూ మాటలు పడాలి, ఇంకో టులెట్ బోర్డు చూసుకోవడం మేలు. పదకొండు నెలల అగ్రిమెంట్ స్టాంపు పేపర్ మీద రాయించండి, ఖాళీ చేసినప్పుడు అడ్వాన్స్ ఎవరికి తిరిగివ్వాలో అందులోనే రాయించండి. కుటుంబం నెలకి అయిదొందలో వెయ్యో మీకు తిరిగి కడితే అదే డబ్బు ఇంకో కుటుంబానికి అడ్వాన్స్ అవుతుంది. దానం అని ఇస్తే ఒక్క ఇంటితో అయిపోద్ది.

గది దొరికేదాకా నైట్ షెల్టర్ ఉంది. నిబంధనల ప్రకారం లక్ష జనాభాకి వంద మంది పట్టే షెల్టర్ ఒకటి ఉండాలి, బెజవాడ జనాభా 2011 లెక్కల్లోనే పది లక్షలు దాటింది, అంటే కనీసం పది ఉండాలన్నమాట, మీ చుట్టుపక్కల ఏది ఉందో వార్డు సచివాలయంలో అడగండి. "రమ్మంటే రారండీ వాళ్లు" అనే మాట వింటారు. ఎందుకొస్తారు, మొగుడు ఒకచోట పెళ్లాం ఒకచోట పడుకోవాలంటే, బయట పెట్టిన రిక్షా తెల్లారేసరికి ఉంటుందో లేదో తెలీకపోతే. అయినా షెల్టర్లో ఉంటే ఒక లాభం ఉంది, గుర్తింపు ఉన్న షెల్టర్ ఇన్‌ఛార్జి ఇచ్చే సర్టిఫికెట్ ఆధార్‌కి అడ్రస్ ప్రూఫ్‌గా పనికొస్తుంది.

ఇక కాగితాలు. ఆధార్ ముందు, తర్వాత బ్యాంకు ఖాతా, రైస్ కార్డు. సచివాలయంలో హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో, అంటే ఎవరు ఏ కుటుంబమో రాసుకునే లిస్టులో, పేరు లేకపోతే ఏ స్కీమూ కదలదు, చాలాసార్లు వదిలేసొచ్చిన ఊళ్లో అన్న కుటుంబంతోనో అత్తగారితోనో కలిపి ఉంటుంది, అది విడదీయించడానికే తిరగాల్సొస్తుంది, ఓపిక పట్టండి. ఓటుకి మాత్రం అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు, కొత్త ఓటుకి పెట్టే ఫారం 6లో ఎక్కడ పడుకుంటారో రాస్తే ఓటర్ల లిస్టు చూసే బూత్ ఆఫీసరు (బీఎల్‌ఓ) రాత్రిపూట వచ్చి చూసుకోవాలి, రూలే అది. ఓటుంటే కార్పొరేటర్ కూడా కాస్త ఆగి వింటాడు లెండి.

గదిలో కుదురుకున్నాక సొంతింటికి అప్లై చేయించండి. 2024 సెప్టెంబర్‌లో మొదలైన పీఎంఏవై అర్బన్ 2.0లో, అంటే కేంద్రం వాళ్ల పట్టణ ఇళ్ల స్కీములో, ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లు ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గం) కింద వస్తారు. దేశంలో ఎక్కడా వాళ్ల కుటుంబం పేరున పక్కా ఇల్లు ఉండకూడదు, గత ఇరవై ఏళ్లలో ఏ గవర్నమెంట్ స్కీములోనూ ఇల్లు తీసుకుని ఉండకూడదు. కుటుంబం అంటే మొగుడు, పెళ్లాం, పెళ్లికాని పిల్లలు, కాబట్టి ఊళ్లో నాన్న పేరున ఇల్లుంది అని ఎవరైనా తిప్పి పంపిస్తే ఈ మాట గట్టిగా చెప్పండి. అప్లికేషన్ ఆడమనిషి పేరున పెట్టించండి, లేదా ఇద్దరి పేరునా.

స్థలం వచ్చేసింది, ఇల్లు వచ్చేసింది అని మాత్రం ఆశపెట్టొద్దు. 2023లో అమరావతిలో పేదల ఇళ్లకని పెట్టిన ఆర్5 జోన్‌లో బెజవాడ, గుంటూరు పేదలకి పట్టాలిచ్చారు, ఆగస్టులో హైకోర్టు కట్టడాలు ఆపేసింది, పట్టా కాగితం పట్టుకుని అద్దెగదిలోనే ఉండిపోయారు జనం. అందుకే అప్లికేషన్ వేశాక కూడా అద్దె ఆపకూడదు.

సచివాలయంలో పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే పీజీఆర్‌ఎస్‌కి తీసుకెళ్లండి. మీరు రాసివ్వకండి, ఆ ఇంటి ఆడమనిషి చేతే చెప్పించండి, పక్కన నిలబడండి చాలు. వచ్చేటప్పుడు రసీదు నంబరు ఫోన్లో ఫోటో తీసుకోండి, ఆ కాగితం వానకి తడిసిందంటే మళ్లీ మొదటికొస్తుంది.