కారు కిలోమీటరుకు ఎన్ని గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదులుతోంది? బంకు బిల్లుతో లెక్కకట్టే పద్ధతి

పొల్యూషన్ సర్టిఫికెట్‌లో ఈ అంకె దొరుకుతుందని చాలామంది అనుకుంటారు. దొరకదు. పెట్రోలు బండికి అక్కడ చూసేది కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు. డీజిల్ బండికి చూసేది పొగ చిక్కదనం. యంత్రం తెర మీద కార్బన్ డయాక్సైడ్ 14 శాతం అని కనబడినా అది పొగలో దాని వాటా మాత్రమే. మొత్తం పొగ ఎంతో తెలియకుండా వాటా తెలిసి లాభం లేదు. పైగా ఆ శాతం 13, 15 మధ్య ఉందంటే పెట్రోలు శుభ్రంగా కాలుతోందని అర్థం.

లెక్కకు నిజంగా కావలసినవి రెండే: ఎన్ని లీటర్లు కాలింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది. ఇంధనంలో ఉన్న కార్బన్ మాయమైపోదు. మంచి కండిషన్‌లో ఉన్న ఇంజిన్‌లో దాదాపు అంతా కార్బన్ డయాక్సైడ్‌గానే బయటికొస్తుంది. పాత తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీన్నే బొగ్గుపులుసు వాయువు అనేవారు. ఈ వాయువు బొగ్గు, అంటే కార్బన్, నుంచి వచ్చేదని ఆ పేరే చెబుతోంది.

లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది. అందులోంచి రెండు కిలోలు దాటి వాయువు ఎలా వస్తుందన్నది అందరికీ వచ్చే సందేహమే. మిగతా బరువు గాలిలోని ఆక్సిజన్‌ది. 12 గ్రాముల కార్బన్ 32 గ్రాముల ఆక్సిజన్‌తో కలిసి 44 గ్రాములవుతుంది, అంటే 3.67 రెట్లు. ఆ లెక్కన:

ఇథనాల్ కలపని పెట్రోలు లీటరుకు 2.31 కిలోలు
ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు లీటరుకు 2.15 కిలోలు
డీజిల్ లీటరుకు 2.68 కిలోలు
సీఎన్జీ కిలోకు సుమారు 2.75 కిలోలు

సీఎన్జీని బంకులో కిలోల్లోనే కొడతారు కాబట్టి లీటర్లలోకి మార్చే పని లేదు.

ఇ20 దగ్గర కాస్త ఆగాలి. ఇంటర్నెట్‌లో దొరికే లెక్కల్లో ఎక్కువ శాతం 2.31తోనే గుణిస్తాయి. 2025 నుంచి మన బంకుల్లో దొరికే మామూలు పెట్రోలు దాదాపు అంతా ఇ20, అంటే అయిదింట ఒక వంతు ఇథనాల్. ఇథనాల్ లీటరు కాలితే 1.51 కిలోలే వస్తుంది. 0.8 × 2.31కి 0.2 × 1.51 కలిపితే 2.15. ఇంతమాత్రాన సంబరపడక్కర్లేదు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే, కాబట్టి అదే దూరానికి ఆరేడు శాతం ఎక్కువ లీటర్లు పడుతుంది. పొగగొట్టం దగ్గర తగ్గినట్టు కనిపించింది లీటర్ల రూపంలో దాదాపుగా తిరిగి వచ్చేస్తుంది. ఇథనాల్ అసలు లాభం వేరే ఉంది. దాని కార్బన్‌ను చెరకో, మొక్కజొన్నో మొన్నటి పంటకాలంలో గాలిలోంచే పీల్చుకుంది. ఆ వాటా వదిలేసి లెక్కేయాలంటే 1.85తో గుణించండి. అయితే పంటకు వేసిన యూరియా, ట్రాక్టర్ డీజిల్, డిస్టిలరీ బాయిలర్‌లో కాల్చిన బొగ్గు ఆ అంకెలో లేవని గుర్తుంచుకోవాలి.

లీటర్లు తేల్చడం

ట్యాంకు నిండుగా మొదలుపెట్టి, నిండుగా ముగించాలి. బంకులో నాజిల్ తనంతట తాను కట్ అయ్యే వరకు కొట్టించి అక్కడితో ఆపండి. రౌండ్ ఫిగర్ కోసం ఇంకా కొట్టనివ్వకండి. ఒకసారి మెడ దాకా, ఒకసారి కట్ దగ్గరికి నింపితే తేడా లీటరు దాటిపోతుంది. పెట్రోలు కార్లలో అలా నింపితే ఆవిరిని పట్టే క్యానిస్టర్‌లోకి పెట్రోలే దిగి అది పాడవుతుంది కూడా. ట్రిప్ మీటర్ సున్నా చేసి, ఓడోమీటర్ అంకె రాసుకోండి.

తర్వాత మామూలుగా తిరగండి. 500 రూపాయలకు, 1000 రూపాయలకు కొట్టించుకునే అలవాటుంటే మానక్కర్లేదు. మధ్యలో కొట్టించిన ప్రతి బిల్లు దాచి, చివర్లో మళ్లీ ఫుల్ చేయించి, మొదటి ఫుల్ తప్ప మిగిలిన లీటర్లన్నీ కూడితే సరిపోతుంది. మొదటి ఫుల్ కూడా కలిపేయడమే ఎక్కువ మంది చేసే తప్పు. అది ఆరంభ గీత మాత్రమే. బిల్లు సిరా నెల తిరిగేసరికి వెలిసిపోతుంది, కొట్టించిన వెంటనే ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

చివరి ఫుల్ అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, బండి అదే వైపు పెట్టి చేయించాలి. వాలుగా నిలబెడితే కట్ ముందో వెనకో పడుతుంది. కొలత మీద అనుమానముంటే బంకులో ఉండే ముద్ర వేసిన 5 లీటర్ల పాత్రతో కొలిచి చూపమని అడిగే హక్కు కొనేవాళ్లకు ఉంది. 25 మి.లీ. వరకు తేడాను అనుమతిస్తారు, అంటే అర శాతం. మేలో మిట్టమధ్యాహ్నం కొట్టించకపోతే మేలని చెప్పేవాళ్ల మాటలోనూ కొంత నిజముంది. పెట్రోలు 10 డిగ్రీలు వేడెక్కితే ఒక శాతం వ్యాకోచిస్తుంది. రెండు ఫుల్‌లూ ఉదయమే చేయించండి.

దూరం 300 కి.మీ. తగ్గకూడదు. 5 లీటర్ల మీద అర లీటరు పొరపాటు 10 శాతం. 30 లీటర్ల మీద అదే పొరపాటు రెండు శాతం లోపే.

కిలోమీటర్లు తేల్చడం

టైర్లు అరిగితే చక్రం చుట్టుకొలత తగ్గి మీటర్ ఒకటి రెండు శాతం ఎక్కువ తిరుగుతుంది. కంపెనీ సైజు కంటే పెద్ద టైర్లు వేయిస్తే తక్కువ తిరుగుతుంది. శ్రీకాకుళం నుంచి నరసన్నపేట వైపో, రణస్థలం వైపో 16వ నంబరు జాతీయ రహదారి మీద కిలోమీటరు రాళ్లు చూస్తూ 20 కి.మీ. నడపండి. మీటర్ 20.4 చూపిస్తే చివర్లో వచ్చిన దూరాన్ని 0.98తో గుణించాలి. మధ్యలో బైపాస్ కట్టినచోట రాళ్ల వరస తెగి ఉండొచ్చు, కాబట్టి ఫోన్ జీపీఎస్‌తో కూడా సరిపోల్చండి.

ఒక లెక్క

ఇ20 పెట్రోలు కారు. ఓడోమీటర్ 41,260 నుంచి 41,692 వరకు, అంటే 432 కి.మీ. కొట్టించింది 27 లీటర్లు. మైలేజీ లీటరుకు 16.

27 × 2.15 = 58.05 కిలోలు
58,050 గ్రాములు ÷ 432 = కి.మీ.కి 134 గ్రాములు

లీటరుకు 20 ఇచ్చే డీజిల్ కారు అదే దూరానికి 21.6 లీటర్లు తాగుతుంది. 2.68తో గుణిస్తే 57.9 కిలోలు, కి.మీ.కి మళ్లీ 134 గ్రాములే. మైలేజీలో నాలుగు కిలోమీటర్ల తేడా ఉన్నా కార్బన్ డయాక్సైడ్‌లో తేడా లేదు. అందుకే వేర్వేరు ఇంధనాల బళ్లను మైలేజీతో పోల్చకూడదు. కొన్ని డీజిల్ బళ్లలో పొగ శుద్ధికి పోసే యూరియా ద్రావణం నుంచి కూడా కొద్దిగా వస్తుంది గానీ, అది కి.మీ.కి అర గ్రాము కూడా ఉండదు, వదిలేయొచ్చు.

ఏడాదికి 12,000 కి.మీ. తిరిగితే ఆ కారు లెక్క 1.6 టన్నులు. నూరు కిలోమీటర్ల ప్రయాణానికి ఒక్కరే వెళితే 13.4 కిలోలు, నలుగురు వెళితే తలకు 3.4.

అంకె మారిపోయే చోట్లు

షోరూమ్ చెప్పే మైలేజీ ప్రయోగశాలలో రోలర్ల మీద, ఏసీ ఆపి తీసినది. దాంతో వేసిన గ్రాములు రోడ్డు మీద వచ్చేవాటికంటే తక్కువే ఉంటాయి. 2022-23 నుంచి అమలైన కి.మీ.కి 113 గ్రాముల పరిమితి కూడా ఆ పరీక్ష అంకెల మీదే, అదీ ఒక కంపెనీ అమ్మిన కార్లన్నిటి సగటుకు. మీ 134ను దానిపక్కన పెట్టి బండి చెడిపోయిందని కంగారు పడకండి.

సాలూరు ఘాట్ ఎక్కి సుంకి వైపు వెళ్లే ట్రిప్పును ఎక్కేటప్పటి వరకే లెక్కేస్తే గ్రాములు భయపెడతాయి. దిగేటప్పటి వరకే అయితే కారు పొగే వదలనట్టు ఉంటుంది. వెళ్లి వచ్చినది కలిపే చూడాలి. ఖాళీ హైవే మీద 110లో వెళితే, 80లో వెళ్లినదానికంటే ఇంధనం బాగా ఎక్కువ తాగుతుంది, ఎందుకంటే గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపయితే నిరోధం నాలుగు రెట్లు. రైలు గేటు పడినప్పుడు ఏసీ వేసుకుని పది నిమిషాలు ఇంజిన్ నడిపితే చిన్న కారే 100 నుంచి 150 మి.లీ. తాగుతుంది, అంటే 215 నుంచి 320 గ్రాములు. సముద్రపు ఉక్కపోతకు ఏసీ లేకుండా కుదరదు, కనీసం ఆ గేటు దగ్గరైనా అద్దాలు దించొచ్చు. టైర్లలో గాలి అయిదారు పాయింట్లు తగ్గితే ఒకటి రెండు శాతం పోతుంది.

ఒక్క ట్యాంకుతో తేల్చేయకుండా ఎండాకాలం ఒకటి, వానాకాలం ఒకటి, చలికాలం ఒకటి చేసి మొత్తం లీటర్లను మొత్తం దూరంతో భాగించండి. మూడు సగటులకు మళ్లీ సగటు తీయడం తప్పు, ఎక్కువ తిరిగిన ట్యాంకుకు ఎక్కువ బరువు ఉండాలి.

కరెంటు కారుకు

పొగగొట్టం లేకపోయినా విద్యుత్ కేంద్రం పొగగొట్టం ఉంది. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.72 కిలోలు. యూనిట్లను కారు తెర మీద చూడకండి, ఛార్జర్‌కు వెళ్లే మీటర్ మీద చూడండి. ఛార్జింగ్‌లో 10 శాతం దాకా వేడిగా పోతుంది, దానికీ బొగ్గు కాలింది. గోడ దగ్గర నూరు కిలోమీటర్లకు 15 యూనిట్లు పడితే 10.8 కిలోలు, కి.మీ.కి 108 గ్రాములు. దీన్ని పెట్రోలు కారు 134తో నేరుగా పోల్చితే కరెంటు కారుకు అన్యాయం చేసినట్టే. ముడిచమురు తవ్వడం, శుద్ధి చేయడం, ట్యాంకర్‌లో బంకుకు చేర్చడం ఆ 134లో లేవు. వాటికి ఇంకో అయిదో వంతు దాకా కలపాలి, అప్పుడు 160 దగ్గరికి వస్తుంది. మేడ మీద సోలార్ ప్యానెళ్లుండి పగలే ఛార్జింగ్ పెట్టేవాళ్లు ఆ యూనిట్లను విడిగా రాసుకుని, గ్రిడ్ నుంచి తీసుకున్నవాటినే 0.72తో గుణించాలి.